వీణకి ముందు సీటు

మొన్న ఆదివారం మా మనవరాలు తను కొత్తగా కొన్న కారులో మమ్మల్నిద్దరినీ భోగాపురం వైపు షికారు తీసుకువెళతానని వచ్చింది. అక్కడ విమానాశ్రయం పని మొదలైన దగ్గర్నుంచీ మా విజయనగరం వాళ్ళకి అదొక తిరునాళ్ళ అయిపోయింది, ఎవరింటికి చుట్టాలొచ్చినా అటు తీసుకెళ్ళి ఆ రోడ్లు చూపించి తీసుకురావడం మర్యాదల్లో ఒకటిగా కలిసిపోయింది. సరే కదా అని బయల్దేరాం. మా ఆవిడ వెనక సీట్లో కూర్చుంది. నేను ముందు తలుపు తీసి, చెప్పులు విడిచి, వాటిని చేత్తో పట్టుకుని వెనక్కి నడిచి, డిక్కీ తెరవమ్మా అన్నాను.

"ఏటి తాతా, చెప్పులిప్పేస్తన్నావు? ఇది కారు, గుడి కాదు" అని ఆ పిల్ల ఒకటే నవ్వు.

నేనూ నవ్వేశాను. నిజం చెప్పాలంటే చెప్పులు విడిచిన సంగతి నాకే తెలియలేదు, కాళ్ళు వాటంతటవే ఆ పని చేసేశాయి. మా ఆవిడ వంక చూస్తే ఏమీ వినపడనట్టు కిటికీలోంచి బయటికి చూస్తోంది గానీ, మూతి చివర నవ్వు మాత్రం దాగలేదు. ఆ నవ్వుకీ నా చెప్పులకీ నలభై ఏళ్ళు పైబడిన సంబంధం ఉంది. మనవరాలికి దారిలో కొంత చెప్పాను గానీ ఆ పిల్లకి పూర్తిగా ఎక్కలేదు. ఎక్కాలంటే బస్సు టాపు మీదకి సామాను ఎక్కించి, దిగేదాకా ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చున్న అనుభవం ఉండాలి. అది మీకుంది, అందుకే మీకు చెబుతున్నాను.

అప్పట్లో నేను విజయనగరంలో గోనెసంచులు నేసే ఒక మిల్లులో ఫిట్టర్‌ని. మాది గోగు, చోళ్ళు పండించుకునే కుటుంబం, మా నాన్న పొలంలో గోగు కోసి నార తీస్తే, ఆ నారని నేసే యంత్రాలకి నేను నూనె రాసేవాణ్ణి. మా మిల్లు మేనేజరుగారు రిటైరై సొంత ఊరికి వెళ్ళిపోతూ, కారుని పదేళ్ళు నేనే చూసుకున్నానన్న అభిమానం కొద్దీ, దాన్ని నాకు అప్పగించి వెళ్ళారు. ఆ రోజుల్లో రోడ్డు మీద మనకి తెలిసిన కార్లు రెండే రకాలు, పెద్దకారు, చిన్నకారు. పెద్దకారులో కలెక్టర్లూ పెళ్ళికొడుకులూ తిరిగేవారు. మాది చిన్నకారు. గేరు స్టీరింగు పక్కనే ఉండేది, ముందు సీటు రెండు ముక్కలు కాకుండా ఒకటే పొడుగాటి బల్లలా ఉండేది, దాని మీద ముగ్గురు సర్దుకుని కూర్చుంటే గేరు మార్చినప్పుడల్లా పక్కవాడి మోకాలు నడిపేవాడికి తగిలేది. నడిపినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది.

ఇక మా ఆవిడ సంగతి. ఆవిడ పుట్టిల్లు బొబ్బిలి దగ్గర ఒక పల్లె. మా మావగారు వరి పండించే రైతు, సంగీతం వాసన కూడా తెలియని మనిషి. కానీ వాళ్ళ పక్క ఊరు వీణలు చెక్కే ఊరు కావడం వల్ల, చిన్నప్పుడు ఈవిడ ఆ చెక్కే వాళ్ళ అరుగుల మీదే ఆడుకుని, అక్కడే ఒక ముసలాయన దగ్గర వీణ నేర్చుకుంది. కూతురు చెయ్యి కుదిరిందని ఆ ముసలాయన చెప్పిన రోజున, మా మావగారు ఏటా కాయలమ్ముకునే పెరటి పనసచెట్టుని కొట్టించి ఆ దుంగతో వీణ చేయించారు. అతుకు లేకుండా ఒకటే చెక్కలో తొలిచిన వీణ, నాలుగున్నర అడుగుల పొడుగు. ఆవిడ మా ఇంటికొచ్చినప్పుడు వీణ కూడా ఎడ్లబండిలో గడ్డి మీద పడుకుని వచ్చింది. నాకు సంగీతం రాదు, ఇప్పటికీ రాదు. సాయంత్రం మిల్లు నుంచి వచ్చేసరికి వీధి మలుపులోనే ఆ నాదం వినిపిస్తే మాత్రం, పగలంతా చెవుల్లో రుద్దిన మగ్గాల రొద కడిగేసినట్టయ్యేది.

పెళ్ళయిన మూడో ఏడు ఆవిడకి విశాఖపట్నం రేడియో స్టేషన్‌లో ఆడిషన్‌కి రమ్మని పిలుపొచ్చింది. కారు అప్పటికి మాకు లేదు, బస్సులో వెళ్ళాం. వీణని ఒళ్ళో పెట్టుకుంటానని ఆవిడ, పెట్టుకుంటే నలుగురు మనుషుల చోటు పోతుందని కండక్టరు, ఆఖరికి వీణ టాపు మీదకి ఎక్కింది. వైశాఖ మాసం ఎండ. వీణ మీద మెట్లని మైనంలో కూర్చోబెడతారని నాకు అప్పటిదాకా తెలియదు. దిగేసరికి మైనం మెత్తబడి మెట్లు పక్కకి ఒరిగాయి, గతుకులకి దాని బొజ్జలాంటి కుండ మీద సన్నటి బీట కూడా పడింది. ఆడిషన్ గదిలో ఏం జరిగిందో నేను చూడలేదు, బయట బెంచీ మీద ఉన్నాను. పది నిమిషాల్లో బయటికి వచ్చి, వెళ్ళిపోదామండీ అంది, అంతే. ఇంటికొచ్చాక బీట అతికించుకుని, మైనం మళ్ళీ వేయించుకుని, వీణకి గుడ్డ చుట్టి అటక మీద పెట్టించేసింది. అడిగితే, ఇంట్లో పనికే పొద్దు చాలట్లేదు అనేది. నేను సాయంత్రాలు వీధి మలుపు తిరుగుతూ చెవి రిక్కించి, ఏమీ వినపడక ఇంటికి రావడం అలవాటు చేసుకోవలసి వచ్చింది. అది నాకు చాలా కష్టంగా ఉండేది, కానీ ఆవిడతో ఎప్పుడూ అనలేదు.

రెండేళ్ళ తర్వాత, ఆవిడ గురువుగారి బలవంతం మీద రాసిన అర్జీకి, రెండోసారి పిలుపొచ్చింది. ఆవిడ ఆ కాగితాన్ని చదివి మడతపెట్టి బియ్యం డబ్బా కింద పెట్టేసింది. బస్సులో తీసుకెళ్ళనండీ, ఇంకోసారి దాన్ని అలా చూడలేను అంది. అప్పటికి కారు వచ్చి రెండు నెలలైంది. కారుండగా బస్సెందుకు అని నేను మహా ధీమాగా వీణని అటక దింపించి, కారు వెనక సీట్లో అడ్డంగా పెట్టబోయాను. పట్టలేదు. సరిగ్గా నాలుగంగుళాలు తక్కువ. ఏటవాలుగా పెడితే దాని రెండో చివరనుండే సొరబుర్ర ముందు సీటుకి తగిలింది. డిక్కీ సరేసరి, స్టెప్నీ టైరు పెడితే సంచీకి కూడా చోటుండదు. వీణ వైపు ఒకసారి, కారు వైపు ఒకసారి చూసి, ఆవిడ గుడ్డ మళ్ళీ చుట్టడం మొదలుపెట్టింది. ఆ చుట్టడం చూసి నాకు పౌరుషం వచ్చింది. మిల్లులో ఎలాంటి ఇరుకులోనైనా బేరింగు మార్చేవాణ్ణని పేరు పడ్డవాణ్ణి, నాలుగంగుళాలకి ఓడిపోతానా?

మా మేనత్త కొడుకు, మా అక్కని చేసుకున్న బావ, కోటకి కొంచెం దూరంలో రేకుల షెడ్డు వేసుకుని కార్లు బాగుచేసేవాడు. ముందు సీటుని నిలువునా కోసేసి ఎడమ సగం తీసేస్తే, వీణని నిడివిగా, కుండ వెనక సీట్లోనూ తల ముందూ ఉండేలా పెట్టొచ్చని ఇద్దరం లెక్కేశాం. ఆడిషన్ ఇంకా మూడు వారాలుంది. ప్రతి కొలతకీ అసలు వీణని షెడ్డుకి మోసుకెళ్ళడానికి మా ఆవిడ ఒప్పుకోదు కనక, దాని కొలతలకి సరిపోయే ఉత్తుత్తి వీణ ఒకటి తయారు చేద్దామనుకున్నాను. నాలుగున్నర అడుగుల వెదురు కర్ర, చివర కట్టడానికి ఒక కొత్త కుండ. ఆదివారం పొద్దున్నే బజారుకి పోయి రెండూ కొన్నాను.

కర్రలమ్మే ఆయన వెదురు కోస్తూ, మెల్లిగా గొంతు తగ్గించి, "ఎవులు పోనారు బాబూ?" అని అడిగాడు. అప్పటికైనా నాకు వెలగొద్దూ? ఎవరూ పోలేదే, వీణ కోసం అన్నాను. ఆయన నన్ను జాలిగా చూశాడు. సైకిలుకి వెదురు కట్టుకుని, హ్యాండిలుకి కుండ వేలాడదీసుకుని నేను వీధి వెంట వస్తుంటే, నాకు నమస్కారం పెట్టేవాళ్ళు కూడా పెట్టకుండా పక్కకి తప్పుకున్నారు. నేను ఇల్లు చేరేసరికి ఎదురింటి వాళ్ళు, పక్కింటి వాళ్ళు, పై వీధి వాళ్ళు గుమ్మం ముందు మూగి, మా అమ్మకి ఏమైందో ఏమోనని కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడ్డారు. మా అమ్మ మాత్రం చక్కగా లోపల్నుంచి నడిచి వచ్చి, నన్నూ కుండనీ చూసి, గడప తొక్కనివ్వలేదు. వెదురూ కుండా అక్కడే వదిలేయించి, నూతి దగ్గర నాలుగు చేదల నీళ్ళు నెత్తిన పోయించి గానీ లోపలికి రానివ్వలేదు. ఇంజన్లు విప్పిన బుర్రకి ఆ రెండు వస్తువులూ కలిపి ఎప్పుడు కొంటారో తట్టకపోవడం ఏమిటని ఊళ్ళో చాన్నాళ్ళు చెప్పుకున్నారు.

మా బావకి ఆ కథ విని కడుపుబ్బింది. నవ్వడం అయ్యాక ఇంట్లోకెళ్ళి మా అక్క పిండి దంచుకునే రోకలి పట్టుకొచ్చి, ఒక చివర గుమ్మడికాయ, రెండో చివర ఆనపకాయ కట్టాడు. కొలతకి అచ్చం వీణే. ఆ కూరగాయల వీణని పెట్టీ తీసీ, పెట్టీ తీసీ, రెండు ఆదివారాలు పని చేశాం. సీటు రెక్సిను విప్పి, స్ప్రింగులు తప్పించి, ఇనప చట్రాన్ని రంపంతో కోసి, నేను కూర్చునే సగానికి కొత్త కాలు వెల్డింగు చేశాం. ఎడమ సగం పోయేసరికి కారు లోపల ఎంత చోటొచ్చిందో చెప్పలేను, అంత చిన్న కారులో ఇంత ఖాళీ ఎక్కడ దాక్కుందా అనిపించింది. వీణ తల, అంటే యాళి ముఖం చెక్కి ఉంటుంది చూడండి, అది ఏటవాలుగా కిందికి దిగి, ముందు కూర్చున్నవాళ్ళు కాళ్ళు పెట్టుకునే చోట ఆనుతుంది. కింద గోగునార పరుపు కూడా వేశాను. వేలెడు చోటు వృథా కాలేదు. గుమ్మడికాయ మా అక్క దప్పళంలోకి పోయింది.

ఆడిషన్ ఇక ఆరు రోజులుందనగా కారుని ఇంటికి తెచ్చి, మా ఆవిడని పిలిచి, మెడల్ వచ్చినవాడిలా తలుపు తీసి నిలబడ్డాను. ఆవిడ వీణ తెచ్చింది. లోపలికి వంగి చూసింది. వీణ తల ఆనే చోటుని చూసింది, దాని పక్కనే నా క్లచ్చు, బ్రేకులనీ, వాటి మీదున్న నా చెప్పుల మట్టినీ చూసింది. వీణని గుండెకి హత్తుకుని వెనక్కి జరిగింది.

"అమ్మోరిని మీ కాళ్ళకాడ ఎట్టుకుని నేను రాలేనండి" అంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. రెండు ఆదివారాల కష్టం, కోసిన సీటు, వీధిలో నవ్వులపాలైన వెదురు, నూతి దగ్గర పోసుకున్న నీళ్ళు, అన్నీ ఒక్కసారి నెత్తికెక్కాయి. ఏమన్నానో ఇప్పుడు రాయడానికి కూడా సిగ్గేస్తోంది. అదీ చెక్కే కదా అన్నాను. ఆవిడ నా వైపు ఒక్కసారి చూసి లోపలికి వెళ్ళిపోయింది. ఏడవలేదు, ఎదురు చెప్పలేదు. అన్నం పెట్టేటప్పుడు కూడా మామూలుగానే ఉంది. సాయంత్రానికి వీణ మళ్ళీ అటక ఎక్కింది. ఆడవాళ్ళ కోపం కేకలేస్తే మగవాడికి సుఖం, ఆ కేకల్లో మన తప్పు కొంత కొట్టుకుపోతుంది. ఆవిడ ఆ అవకాశం ఇవ్వలేదు.

మర్నాడు బావ షెడ్డుకి పోయి అక్కసంతా కక్కాను. ఆయన జీపు కింద పడుకుని పని చేస్తూ అంతా విన్నాడు. నా మాటల ఉద్రేకంలో ఎదురుగా ఉన్న ఆయన పానాల పెట్టెని దాటి అటు వెళ్ళబోయి, చటుక్కున ఆగి, చుట్టూ తిరిగి వెళ్ళాను. ఆ పెట్టె దాటిన వాణ్ణి ఆయన ఇంక షెడ్డులోకి రానివ్వడు, అది అందరికీ తెలిసిన విషయమే. ఆ మాటకొస్తే మిల్లులో నేనూ అంతే, పొద్దున్నే మెషీన్‌ని ముట్టుకుని కళ్ళకద్దుకోనిదే స్విచ్చి వెయ్యను. బావ జీపు కిందనుంచి తల బయటపెట్టాడు.

"ఒరే, నా పెట్టి సుట్టూ ఎందుకు తిరిగెల్లావు? అందులో ఉన్నదీ ఇనపముక్కలే కదేటి. మరి సెల్లి అడిగిన దాన్లో తప్పేటున్నాది?" అన్నాడు, మళ్ళీ జీపు కిందకి దూరిపోయాడు.

అంగుళాలన్నీ కొలిచాను గానీ ఎవరి కోసం కొలుస్తున్నానో ఆ మనిషి మనసుని కొలవలేదని అప్పుడర్థమైంది. ఆవిడకి అది చెక్క కాదు, వాళ్ళ నాన్న కొట్టించిన చెట్టు, ఆవిడ గురువు ఒళ్ళో పెట్టిన దేవత, రెండేళ్ళు అటక మీద పడుకోబెట్టిన ప్రాణం.

మిగిలిన నాలుగు రోజులూ మిల్లుకి సెలవు పెట్టి మళ్ళీ మొదటికొచ్చాం. వీణ తల కాళ్ళ దగ్గరకి దిగకూడదు, అంటే తలా కుండా రెండూ సీటు ఎత్తులోనే ఉండాలి, అంటే అంత ఎత్తులో ముందు డాష్‌బోర్డు కింద సామాన్ల అర అడ్డం. ఆ అర కోసేశాం, ముందు మూడంగుళాలు వచ్చింది. వెనక సీటు ఆనుడులో ఎడమ పక్క స్ప్రింగులన్నీ పీకేసి కుండ దిగేలా గుంట చేశాం, అక్కడ ఇంకో మూడంగుళాలు. తల కింద మంచం కోడులాంటి కొయ్య స్టాండు నట్లతో బిగించి, దాని మీద గోగునార పేర్చి, పైన మా అమ్మ ఇచ్చిన పాత పట్టుచీర ముక్క కుట్టాం. ఈసారి మా ఆవిడని పిలవలేదు, చూపించలేదు. కూరగాయల వీణతోనే సరిచూసుకున్నాం.

ఆడిషన్ రోజు పొద్దున్నే కారుని గుమ్మం ముందు పెట్టి, నేనే అటకెక్కి వీణ దింపాను. ఆవిడ గుమ్మంలో నిలబడి చూస్తోంది. కారు తలుపు తీసి, నా చెప్పులు విడిచి, పట్టుకెళ్ళి డిక్కీలో జాకీ పక్కన పడేసి, మూత వేసి, ఒట్టి కాళ్ళతో వచ్చి స్టీరింగు ముందు కూర్చున్నాను. ఆరు రోజుల కిందట అన్న మాటకి నోటితో క్షమాపణ చెప్పడం నాకు చేతకాలేదు, ఆ తరం మగవాళ్ళకి అది నేర్పినవాళ్ళు లేరు. ఆవిడ లోపలికి వెళ్ళి జడలో పువ్వులు పెట్టుకుని వచ్చి, నా వెనక సీట్లో కూర్చుని, పక్కన గుంటలో కుదురుకున్న కుండ మీద ఎడమ చెయ్యి వేసి, పదండి అంది.

ఆ ప్రయాణం నాకు ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది. బ్రేకు పెడల్ ఇనుము అరికాలికి చల్లగా తగిలేది, ఎండెక్కాక చురుక్కుమనేది. గతుకు వచ్చినప్పుడల్లా వీణ పక్క తీగలు, తాళం తీగలంటారట వాటిని, ఎంత గుడ్డ చుట్టినా సన్నగా జుమ్మనేవి. తగరపువలస వంతెన దగ్గర రోడ్డు బాగులేదు, అక్కడ చాలాసేపు మోగాయి. యాళి ముఖం నా పక్కన ముందు అద్దంలోంచి రోడ్డు చూస్తూ కూర్చుంది. గేటు పడ్డ చోట ఒక పోలీసాయన లోపలికి తొంగిచూసి ఉలిక్కిపడి, సంగతి తెలుసుకుని వీణకే నమస్కారం పెట్టాడు. మా ఆవిడ నాకు కనపడేది అద్దంలో మాత్రమే. వెనక వచ్చే బళ్ళని చూడవలసిన ఆ అద్దాన్ని, ఆనందపురం వచ్చేసరికి, నేను మెల్లగా ఆవిడ ముఖం మీదకి తిప్పేశాను. కళ్ళు మూసుకుని, పెదాలతో ఏదో పాడుకుంటూ, కుండ మీద వేలితో తాళం వేసుకుంటోంది. వెనక లారీవాడు హారను మీద హారను కొట్టి, పక్కనుంచి పోతూ ఏవో మాటలన్నాడు, వాటిని ఇక్కడ రాయను.

రేడియో స్టేషన్‌లో ఈసారీ బయట బెంచీ మీదే కూర్చున్నాను, ఒట్టి కాళ్ళతో. చెప్పులు డిక్కీలోంచి తీసుకోవడం మరిచిపోయాను. పది నిమిషాలైంది, ఇరవయ్యైంది, ఆవిడ రాలేదు. ఆ మూసిన తలుపుల్లోంచి శబ్దం ఏమీ రాదు. గంట దాటాక తలుపు తెరుచుకుంది. ఆవిడ బయటికి వచ్చి, నా ముఖం చూడకుండా కాళ్ళ వంక చూసి, "అయ్యో, కాలిపోతాయి కదండీ" అంది. ఆడిషన్ ఎలా అయిందో ఆ గొంతులోనే తెలిసిపోయింది. నెల తిరగకుండా ఉత్తరం కూడా వచ్చింది, కానీ నాకు ఆ కాగితం కంటే ఆ మాటే గుర్తు.

ఆ తర్వాత పద్దెనిమిదేళ్ళు ఆ కారు అలాగే తిరిగింది. రథసప్తమికి అరసవల్లి కచేరీకి, పాలకొండ, పార్వతీపురం, టెక్కలి, ఎక్కడ పిలిస్తే అక్కడికి. ముందు సీటు వీణది, వెనక సీటు ఆవిడది, నడిపేది నేను. ఎవరైనా లిఫ్టడిగితే చోటు లేదండీ అనేవాళ్ళం, ఎదురుగా అంత ఖాళీ కనపడుతుంటే నమ్మేవాళ్ళు కాదు. మా అమ్మాయి పుట్టాక, ఆ పిల్ల వీణ దండి కింద గోగునార పరుపు మీద పడుకుని, తీగలు జుమ్మనడం వింటూ నిద్రపోయేది. గతుకుల్లేని రోడ్డు వస్తే లేచి ఏడ్చేది. తలచుకుంటే ఇప్పుడొక సంగతి తమాషాగా ఉంటుంది, ఆ పద్దెనిమిదేళ్ళలో మేమిద్దరం ఆ కారులో ఒక్కసారి కూడా పక్కపక్కన కూర్చోలేదు. నేను ఆవిడని అద్దంలో చూసేవాణ్ణి, ఆవిడ నా వీపుని చూసేది. మాకు అది లోటని కూడా తెలియదు.

బావ పోయాక ఆ షెడ్డు మూతపడింది. కారుకి భాగాలు దొరకడం మానేశాయి. ఒక రోజు దాన్ని తూకానికి ఇచ్చేశాం, ఆ కొయ్య స్టాండు మాత్రం విప్పి ఇంటికి తెచ్చుకున్నాను. ఇప్పుడు వీణ మా హాల్లో దాని మీదే ఉంది. ఆవిడ వేళ్ళు బిగుసుకుపోయి ఐదారేళ్ళైంది, డాక్టరు ఇంక మీటవద్దన్నాడు. రోజూ పొద్దున్న గుడ్డతో దుమ్ము తుడిచి, మెట్ల మీద ఒకసారి చెయ్యి పోనిచ్చి వదిలేస్తుంది.

ఇదంతా చెబుతూ ఉండగా మనవరాలి కారు భోగాపురం కొత్త రోడ్డెక్కింది. కారు లోపల ఎంత చోటుందో, నేను కాళ్ళు బారజాపినా ముందు ఇంకా ఖాళీయే. ఏసీ చల్లదనం, శబ్దమన్నది లేదు, మనం కదులుతున్నామని చెట్లని చూసి తెలుసుకోవాలి. ఎండ పడుతోందని మనవరాలు నా తల పైనున్న రేకు కిందికి దించింది, దానికి చిన్న అద్దం ఉంది. అందులో వెనక సీట్లో మా ఆవిడ కనపడింది. సరిగ్గా అప్పుడే ఒక స్పీడు బ్రేకరు వచ్చింది. కారు ఊగీ ఊగనట్టు ఊగింది. మా ఆవిడ ఎడమ చెయ్యి చటుక్కున లేచి, పక్కన ఖాళీ సీటు మీద, కుండ ఉండే ఎత్తులో, గాలిలో ఆగింది. ఒక్క క్షణం అలాగే ఉండి, మెల్లగా ఒళ్ళోకి వెళ్ళిపోయింది. ఆవిడకి తెలుసో తెలియదో.

నేను మనవరాల్ని కారు ఆపమన్నాను. దిగి, ఒట్టి కాళ్ళతోనే తారు మీద నాలుగడుగులు వేసి, వెనక తలుపు తీసి, వీణ ఉండే చోట కూర్చున్నాను.

"ఏటండీ, ముందు సీటు బాగోలేదేటి?" అంది మా ఆవిడ.

బాగానే ఉంది, అక్కడ ఒక్కణ్ణే ఉన్నాను అన్నాను. ఆవిడ నవ్వి కిటికీ వైపు తిరిగింది గానీ, ఆ ఎడమ చెయ్యి తెచ్చి నా చేతి మీద పెట్టింది. ఆ చెయ్యి చూపుడు వేలికీ మధ్య వేలికీ చివర తీగలు ఒరుసుకుని కాయలు కాచి ఉండేవి. పసుపు కొమ్ముల్లా గట్టిగా ఉండేవి, అన్నం వడ్డించేటప్పుడు పట్టుకున్న గిన్నెకి తగిలి చప్పుడయ్యేది. పెళ్ళైన కొత్తలో నేను వేళాకోళం చేసేవాణ్ణి కూడా. ఇప్పుడు తడిమి చూస్తే లేవు. చంటిపిల్ల వేళ్ళంత మెత్తగా ఉన్నాయి. ఎప్పుడు మెత్తబడ్డాయో, ఏ నెలలో, ఏ ఏడాదిలో, ఒకే ఇంట్లో ఉంటూ నేను గమనించనేలేదు. రోడ్లు నున్నబడ్డాయని సంతోషించాను, కార్లలో చోటు పెరిగిందని సంతోషించాను, నాలుగంగుళాల కోసం సీటు కోసుకోవలసిన రోజులు పోయాయని మనవరాలితో గొప్పగా చెప్పాను. ఇంత చోటున్న కారులో పెట్టుకుని వెళ్ళడానికి మా దగ్గర ఇప్పుడు మోగేదేమీ లేదు. ఆ దారంతా ఆవిడ చెయ్యి తియ్యలేదు, నేనూ కదలలేదు.